బావి బాగుచేస్తే యునెస్కో అవార్డు! మన ఆర్కిటెక్ట్‌లు ఏం చేశారు, అందులో మన తనకల్లుకి ఏముంది?

తనకల్లు నుంచి మాట్లాడుతున్నా.

ఈ రోజు ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఆర్కిటెక్ట్ అంటే మీకు ఫస్ట్ ఏం గుర్తొస్తుంది? కదిరిలో ఇల్లు కడుతున్నవాళ్లని అడిగితే "ఎలివేషన్ గీసిచ్చేవాళ్లు" అంటారు. బెంగళూరులో జాబ్ చేసే ఫ్రెండ్‌ని అడిగితే అద్దాల బిల్డింగులు, త్రీడీ వీడియోలు అంటాడు. "బావి" అని మాత్రం ఎవ్వరూ అనరు.

కానీ ఈ మధ్య తెలుగు నేల మీద ఆర్కిటెక్ట్‌లకి వచ్చిన పెద్ద పేరు చూడండి. అందులో సగానికి కారణం బావులే! కొత్తగా తవ్వినవి కాదు. చెత్తతో నిండిపోయి, గోడలు కూలిపోయి, "ఇంక దీని పని అయిపోయింది" అని అందరూ వదిలేసిన పాత మెట్ల బావులు.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన సైడు ఈ వార్త అందరి ఫోన్లలో తిరగాల్సింది. తిరగలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు అవార్డు సంగతి. ఆసియా పసిఫిక్ దేశాల్లో పాత కట్టడాలని బాగుచేసిన పనులకి యునెస్కో 2000 నుంచి అవార్డులు ఇస్తోంది. 2022లో ఆరు దేశాల నుంచి 13 పనులకి గుర్తింపు వచ్చింది. అందులో ఇండియావి నాలుగు. ఆ నాలుగులో రెండు ముంబైవి, మిగతా రెండూ తెలంగాణవి. ఒకటి గోల్కొండ మెట్ల బావులు, వాటికి అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్. రెండోది కామారెడ్డి జిల్లా దోమకొండ కోట, దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్.

గోల్కొండ బావులంటే కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో ఉన్నవి. అక్కడ పని చేసింది ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, తెలంగాణ వారసత్వ శాఖతో కలిసి. ఇండియాలో ఆ ట్రస్టుని నడిపించే రతీష్ నందా స్వయంగా కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్. అంటే పాత కట్టడాలని కాపాడటమే ఆయన స్పెషలైజేషన్. అక్కడ బడీ బావోలీ అని పెద్ద బావి ఉంది. 2013 వానలకి దాని ఒక పక్క గోడ కూలిపోయింది. వందల ఏళ్ల కట్టడం రాళ్ల కుప్ప అయింది. దాన్ని మళ్లీ కట్టి నిలబెట్టారు. ఇప్పుడు వాన నీళ్లు అందులో చేరుతున్నాయి.

దోమకొండ కోట కామినేని వంశానిది. అవును, రామ్‌చరణ్ భార్య ఉపాసన పుట్టింటి వంశం. మీలో సగంమంది ఇప్పుడు కళ్లు తెరిచారని నాకు తెలుసు! ఆ కోట పనిని నడిపిన కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్ అనురాధా నాయక్, హైదరాబాద్.

మూడోది సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్ల బావి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. ఎందుకంటే ఇది రాజుల సమాధుల మధ్యలో లేదు. మామూలు జనం ఉండే ఇరుకు వీధుల మధ్యలో ఉంది. ఏళ్ల తరబడి చెత్త పడి, అక్కడొక బావి ఉందన్న సంగతే మర్చిపోయేంతగా పూడిపోయింది. ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్, ఆమె మొదలుపెట్టిన ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్, జీహెచ్‌ఎంసీ, మున్సిపల్ శాఖ కలిసి దాన్ని తవ్వి బయటికి తీశారు. లారీల కొద్దీ చెత్త బయటికి పోయింది. మెట్లు బయటపడ్డాయి, స్తంభాలు బయటపడ్డాయి, నీళ్లు ఊరాయి. ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఈ బావి గురించి చెప్పారు. 2022 డిసెంబరు 5న ప్రారంభం చేశారు.

ఇంకో విషయం. కల్పనా రమేష్ నీళ్ల పని మొదలుపెట్టింది సొంత ఇంటి నుంచి. ముందు తన ఇంటి మీద పడే వానని పట్టింది. ఆ తర్వాత చెరువులు, ఆ తర్వాతే బావులు.

సరే, ఇక్కడ మీకో డౌట్ రావాలి. "పూడిక తీయడానికి ఆర్కిటెక్ట్ ఎందుకన్నా? జేసీబీ పెడితే ఒక్క రోజులో అయిపోతుంది కదా?"

మంచి డౌట్. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ని కాబట్టి మా భాషలో చెప్తా. పదేళ్ల కిందట ఎవరో రాసిన కోడ్ ఉంటుంది. రాసినవాళ్లు కంపెనీలో ఉండరు. డాక్యుమెంట్ ఉండదు. కానీ సిస్టమ్ దాని మీదే నడుస్తుంటుంది. చదవకుండా ఒక్క లైన్ డిలీట్ చేశారనుకోండి, రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. పాత బావి కూడా అలాంటిదే. చదివాకే చెయ్యి పెట్టాలి.

ఏం చదవాలి? మెట్ల బావి గోడ వెనకంతా మట్టి. ఆ మట్టిలో తడి ఉంటుంది. బావిలో నీళ్లు ఉన్నప్పుడు అవి గోడని లోపలి నుంచి తోస్తూ ఉంటాయి, బయటి నుంచి మట్టి తోస్తూ ఉంటుంది. రెండూ సరిసమానం. ఇప్పుడు పెద్ద మోటారు పెట్టి రెండు రోజుల్లో నీళ్లన్నీ తోడేశారనుకోండి. లోపలి ఆసరా పోయింది. వెనక తడి మట్టి బరువు అలాగే ఉంది. గోడ ఉబ్బుతుంది, తర్వాత లోపలికి పడిపోతుంది. అందుకే కొంచెం కొంచెంగా తోడాలి, గోడని చూస్తూ తోడాలి.

ఇంకొకటి సిమెంటు. గోడకి నున్నగా సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చూడ్డానికి బాగుంటుంది. కానీ పాత రాతి గోడ సందుల్లోంచే నీళ్లు లోపలికి ఊరతాయి. సిమెంటుతో ఆ సందులు మూసేస్తే నీళ్లు గోడ వెనకే చేరి, నాలుగు వానలకి గోడని తోసేస్తాయి. మన పాతవాళ్లు వాడింది సున్నం. సున్నాన్ని నానబెట్టి, గానుగలో వేసి తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు. అది మెల్లగా గట్టిపడుతుంది, తడిని పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. ఈ లెక్కలన్నీ తెలిసినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. అవార్డు వచ్చింది ఆ చదివే ఓపికకి.

ఇప్పుడు మన సీమకి వద్దాం. "ఇవన్నీ హైదరాబాద్ కథలు, మనకేం ఉన్నాయి" అనుకోకండి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకి వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ శాసనంలో మంచి చెరువుకి కావాల్సినవి 12 అని లిస్టు ఇచ్చారు. అందులో ధర్మం తెలిసిన రాజు ఉన్నాడు. జలశాస్త్రం చదివిన పండితుడు ఉన్నాడు. పని తెలిసిన కట్టుబడి మనుషులు కూడా ఉన్నారు. అంతేకాదు, చెరువుకి ఉండకూడని దోషాలు ఆరు అని కూడా రాశారు. కట్టలోంచి నీళ్లు కారడం ఒక దోషం. నీళ్లు తక్కువ, పారాల్సిన నేల ఎక్కువ కావడం ఇంకో దోషం. ఆలోచించండి, ఆరున్నర శతాబ్దాల కిందట మన సీమలో రాతి మీద రాసిపెట్టిన చెక్‌లిస్ట్ అది.

మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్న లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది. అంటే కట్టే తెలివి మన నేలకి కొత్త కాదు. కట్టినదాన్ని చూసుకోవడం దగ్గరే ఆగిపోయాం.

ఇక అసలు విషయం. మా మండలంలో ఒక పల్లె ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ ఇంకా ఏదీ తేలలేదు. ఆ ఊరి మధ్యలో ఒక రాతి మెట్ల బావి ఉంది. ఒకప్పుడు దాని మీద కపిలె తోలేవాళ్లంట. బోర్లు వచ్చాక నీళ్లు కిందికి పోయాయి. ఇప్పుడు అందులో ప్లాస్టిక్ కవర్లు, సీసాలు, కంపచెట్లు. దాన్ని మట్టితో పూడ్చేసి పైన కూర్చోడానికి ఒక షెడ్డు వేయాలని మాట నడుస్తోంది. వచ్చే గ్రామసభలో తేల్చుకుంటారంట.

నేను పోయి చూసొచ్చా. పూడ్చాలనేవాళ్లతోనే ముందు మాట్లాడా. ఒక పెద్దాయన అన్న మాట చెప్తా. "నీళ్లు లేని బావి ఏం జేసుకునేదానికబ్బా? పిల్లోళ్లు పడేదానికా?" నిజమే కదా. చుట్టూ పిట్టగోడ లేదు. దోమలు. పాములు. పక్క ఇంట్లో చిన్న పిల్లలున్న తల్లికి మనం వారసత్వం, సంస్కృతి అని లెక్చర్ ఇస్తే ఆమెకి కోపం రాదా?

కాబట్టి భయాన్ని కొట్టిపారేయకుండా లెక్క మాట్లాడదాం. 30 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు నీళ్లు ఉన్న బావి అనుకోండి. 18,000 ఘనపుటడుగులు. సుమారు 5 లక్షల లీటర్లు. మెట్లు ఆక్రమించే చోటు తీసేసి మూడున్నర లక్షలు అనుకుందాం. 5,000 లీటర్ల ట్యాంకర్లు 70! ఎండాకాలంలో ఒక్క ట్యాంకర్ కోసం బిందెలు వరసగా పెట్టిన ఊళ్లో, 70 ట్యాంకర్లు పట్టే చోటుని మట్టితో పూడ్చడం గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బావి బాగుచేసిన మరుసటి రోజు అందులో తాగునీళ్లు వచ్చేస్తాయని నేను చెప్పను. మనది గట్టి రాతి నేల. పైన ఉండే మెత్తటి పొరలో, రాతి చీలికల్లో మాత్రమే నీళ్లు నిలుస్తాయి. లోతు బోర్లు ఆ నీళ్లన్నీ కిందికి లాగేశాయి. కాబట్టి మొదట్లో బావి పని నీళ్లు ఇవ్వడం కాదు, నీళ్లు మింగడం. వీధి మీద, కప్పుల మీద పడే వానని ఒక ఇసుక గుంతలో వడగట్టి, మురికి నీళ్లు కలవకుండా బావిలోకి పంపితే, అది మెల్లగా పై పొరని తడుపుతుంది. పక్కన బోర్లు కొంచెం ఊపిరి పీల్చుకుంటాయి. రెండు మూడు మంచి వానాకాలాలు పడాలి. అంత ఓపిక ఉందా అన్నదే అసలు ప్రశ్న.

"డబ్బు ఎవరిస్తారు? హైదరాబాద్‌లో అయితే ట్రస్టులున్నాయి" అని అడుగుతారు. కరెక్టే. కానీ ఊరి బావికి కోట్లు అక్కర్లేదు. 2005 ఉపాధి హామీ చట్టం పెట్టిన పనుల జాబితాలోనే పాత నీటి వనరుల పూడికతీత ఉండేది. నీటి వనరుల్ని కాపాడటానికి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. ముందు చేయాల్సిన పనులు ఇంకా చవక. బావి చుట్టూ పిట్టగోడ, పైన ఇనుప జాలీ, గేటుకి తాళం. దీంతో ఆ తల్లి భయం తీరుతుంది. తర్వాత చెత్త వేయడం ఆపాలి. మురుగు కాలువ దారి మళ్లించాలి. కొలతలు తీసి, ఫోటోలు తీసి, ఒక కన్సర్వేషన్ ఆర్కిటెక్ట్‌కి చూపించాలి. ఆ తర్వాతే పూడిక మీద చెయ్యి వేయాలి.

ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఎంపీసీ అంటే బీటెక్ ఒక్కటే కాదు. ఐదేళ్ల బీఆర్క్ ఉంది. నాటా లేదా జేఈఈ పేపర్ 2 రాయాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవాలి. అందుకే ఏ కాలేజీలో చేరినా, ముందు ఆ కోర్సుకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. బీఆర్క్ తర్వాత కన్సర్వేషన్‌లో పీజీ చేయొచ్చు. సీమలో ఆ పనికి కొదవ లేదు. కోటలు, కోనేర్లు, చెరువులు, బావులు, అన్నీ వరసలో ఉన్నాయి. చేసేవాళ్లే తక్కువ.

మిగతావాళ్లందరికీ ఒక చిన్న పని. ఈ ఆదివారం మీ ఊరి పాత బావి దగ్గరికి పోండి. ఒక్కరే పోవద్దు, అంచుకి పోవద్దు, లోపలికి అసలు దిగొద్దు. పైనుంచి నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఊళ్లో పెద్దవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు తవ్వించారు? చివరిసారి ఎప్పుడు నిండింది? నీళ్లు ఏ దారిన వచ్చేవి? మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఆ దారి ఇప్పుడు ఏ రోడ్డు కిందో, ఏ ఇంటి గోడ కిందో ఉండి ఉంటుంది. అది తెలిసిన మనిషి ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి.

ఆ ఫోటోలు, జవాబులు మాకు పంపండి. మా మండలం బావుల లిస్టు ఒకటి తయారుచేస్తున్నా. గ్రామసభకి నేను పోతున్నా. టేపు పెట్టి కొలిచిన కొలతలు, ట్యాంకర్ల లెక్క, పిట్టగోడకి ఎంతవుతుందో మేస్త్రీ చెప్పిన అంచనా చేతిలో పెట్టుకుని పోతున్నా. ఒప్పుకుంటారో లేదో చూద్దాం. నిర్ణయం ఆ ఊరివాళ్లది. కానీ లెక్క చూడకుండా మట్టి పోయకూడదు, అంతే నేను అడిగేది. ఏం తేలిందో తర్వాతి ఎపిసోడ్‌లో చెప్తా.

వీడియో నచ్చితే మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ముఖ్యంగా సర్పంచ్ గారున్న గ్రూపులో. ఉంటా మరి, నమస్తే.