ఎంపిక పాఠశాలలు: న్యాయము, విద్యాప్రమాణము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. విద్య యావశ్యకమని మీకు చెప్పుట సూర్యునకు దివిటీ చూపుటవంటిది. కావున నొక్క విషయమునే విన్నవించెదను. ప్రభుత్వధనముతో నడచు పాఠశాలలలో కొన్ని పరీక్ష పెట్టి బాలబాలికల నెంచుకొనుచున్నవి. తక్కినవి వచ్చినవారి నెల్లర చేర్చుకొనుచున్నవి. ఈ యెంపిక న్యాయముగా నున్నదా? ఎంపిక చేసికొన్న పాఠశాల నిజముగా నధికమైన విద్య నొసగుచున్నదా? ఈ రెండును మన బిడ్డల భవిష్యత్తునకు సంబంధించిన ప్రశ్నలు.

వీని చరిత్రము సంగ్రహముగా చెప్పెదను. 1971వ సంవత్సరమున, పి. వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా నున్నపుడు, నల్లగొండ జిల్లా సర్వేలునందు గురుకుల పాఠశాల వెలసెను. మరుసటి సంవత్సరమున గుంటూరు జిల్లా తాడికొండయందును, అనంతపురము జిల్లా కొడిగెనహళ్లియందును అట్టివే స్థాపింపబడెను. ధనికుని బిడ్డకు దొరకు చదువు పల్లెయందలి పేదబిడ్డకును దొరకవలెననుటయే వాని యుద్దేశము. పిదప 1985-86లో హర్యానా యందలి ఝజ్జరునను, మహారాష్ట్రము నందలి అమరావతియందును మొదటి నవోదయ విద్యాలయములు తెరువబడెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి అవి తమిళనాడు తప్ప దేశమంతటను వ్యాపించినవి.

నవోదయమున 6వ తరగతికి చేర్చుకొనువారి సంఖ్య సాధారణముగా 80కి మించదు. అందు నూటికి 75 స్థానములకు తగ్గకుండ గ్రామీణులకును, మూడింట నొకవంతు బాలికలకును కేటాయింపబడినవి. షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ప్రత్యేక స్థానములు గలవు. పరీక్షను తెలుగుననే వ్రాయవచ్చును. భోజనము, వసతి, పుస్తకములు ఉచితము. ఇవి న్యాయమునకు వేసిన గట్టి పునాదులు. ఈ యేర్పాటులు చేసినవారు ప్రశంసార్హులు.

అయినను తలుపు తెరచియుండుట వేరు. తలుపు వరకు నడచి రాగలుగుట వేరు. తల్లిదండ్రులు చదువెరుగని యింటికి పరీక్షావార్త గడువు దాటిన పిదప చేరవచ్చును. పట్టణములందు ఈ ప్రవేశపరీక్షకే ప్రత్యేక శిక్షణాలయములు వెలసినవి. అచ్చట రుసుము చెల్లింపగల తండ్రి బిడ్డయు, బడి విడిచిన వెంటనే చంటితమ్ముని నెత్తుకొనవలసిన కూలివాని బిడ్డయు నొకే గదిలో కూర్చుండి పరీక్ష వ్రాయుదురు. ప్రశ్నపత్రము ఇరువురకు నొకటియే. సిద్ధపడుటకు దొరకిన యవకాశము మాత్ర మొకటి గాదు. పదేండ్ల పసిబిడ్డ వ్రాయు రెండు గంటల పరీక్ష వాని బుద్ధిని కొంతయు, వాని యింటి స్థితిని కొంతయు కొలుచుచున్నది.

ఇక విద్యాప్రమాణము. ఏరిన విత్తనము చల్లిన చేను బాగుగ పండినపుడు, ఆ యశము విత్తనమున కెంత, కృషి కెంత యని యడుగవలదా? ఈ చిక్కు మనకే గాదు. అమెరికాలోని బోస్టను, న్యూయార్కు నగరములందును పరీక్ష పెట్టి చేర్చుకొను ప్రభుత్వ పాఠశాలలు గలవు. కొద్ది మార్కులతో ప్రవేశము పొందినవారిని, కొద్ది మార్కులతో కోల్పోయినవారిని పోల్చి, కొందఱు అర్థశాస్త్రజ్ఞులు 2014లో తమ పరిశోధనను ప్రకటించిరి. తరువాతి పరీక్షలలో ఆ యిరుతెగలవారి నడుమ చెప్పదగిన భేదము మిక్కిలి స్వల్పముగా నుండెను. అచ్చటి మాట ఇచ్చటికి యథాతథముగా చెల్లదు. మన దేశమున స్థానము తప్పిన బిడ్డ, గణితోపాధ్యాయుడే లేని బడికి పోవలసిరావచ్చును. అయినను ఇందలి నీతి గ్రహింపదగినది. పాఠశాల ఘనతను, చేరినవారి మార్కులను చూచి గాక, చేరిన పిమ్మట అది వారికి గూర్చిన జ్ఞానమును చూచి నిర్ణయింపవలెను.

పరిసర పాఠశాలలకు మార్గదర్శకములుగా నుండుట నవోదయముల స్థాపనోద్దేశములలో నొకటి. అచ్చటి ప్రయోగశాల, గ్రంథాలయము, ఉపాధ్యాయుల యనుభవము పొరుగుబడికిని అందవలెను. అందనిచో, 80 మందికి మేలు చేసి వేలమందిని మరచినట్లగును.

కులసంఘములు విద్యకై పాటుపడుట క్రొత్త గాదు. 1918లో హైదరాబాదున స్థాపితమైన రెడ్డి వసతిగృహము అందులకు నిదర్శనము. మన సంఘమువారికి నేను చేయు విన్నపములు మూడు. మొదటిది: ప్రవేశపరీక్షల ప్రకటన వెలువడిన వారము లోపల, మన గ్రామశాఖలు ఇంటింటికిని ఆ వార్త చేర్చి, దరఖాస్తు నింపుటలో తోడ్పడవలెను. రెండవది: ఊరి ప్రభుత్వబడియందే సాయంకాల శిక్షణ నేర్పాటుచేసి, అన్ని కులముల బిడ్డలను అందు కూర్చుండబెట్టవలెను. మన బిడ్డ ప్రక్క కూర్చున్న బిడ్డ చదువుకొన్నచో మనకు కలుగు నష్టమేమియు లేదు.

మూడవది కొందఱికి రుచింపకపోవచ్చును. స్థానము గెలిచిన బాలబాలికలకు ఏటేట ఈ వేదికపై బహుమతు లిచ్చుచున్నాము. అది మంచిదే. కాని ఆ బహుమతుల నిధిలో సగము, తప్పిన బిడ్డల కొరకును, వారు చదువు పల్లెబడి కొరకును వ్యయపరుపవలెనని ప్రతిపాదించుచున్నాను. గెలిచిన బిడ్డకు ప్రభుత్వము అన్నము, పుస్తకము, గురువు నిచ్చుచున్నది. ఒక్క మార్కుతో తప్పి యింటికి మరలిన బిడ్డకు మనము గాక దిక్కెవరు? ఆ బిడ్డ పదవ తరగతి దాటువరకు చేయి విడువకుండుటయే సంఘమునకు నిజమైన పరీక్ష.

ఈ ప్రతిపాదనమును కార్యవర్గమువారు ఈ సభలోనే చర్చించి తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను.