వార్డుకు ఓటు దక్కనిచోట రాష్ట్రం ఎట్లా దక్కుతుంది?

(కర్నూలు సభలో చేసిన ప్రసంగ పాఠం)



1953 అక్టోబర్ 1 నుంచి మూడేళ్లు కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. 1956లో అది పోయింది. ఆ అన్యాయాన్ని మనం ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. అయితే మన కళ్లముందే పోయిన ఇంకొకదాన్ని గురించి మనం గట్టిగా మాట్లాడలేదు. అది కర్నూలు వార్డు ఓటు.

2005లో ఎన్నికైన నగర పాలకమండలి గడువు 2010లో తీరింది. మళ్లీ మనం కార్పొరేటర్‌కు ఓటేసింది 2021 మార్చి 10న. నడుమంతా ప్రత్యేకాధికారుల పాలన. 2014 మార్చిలో పక్కనున్న కడపలో, అనంతపురంలో ఎన్నికలు జరిగాయి. 2017 ఆగస్టులో కాకినాడలో జరిగాయి. కర్నూలు వంతు మాత్రం రాలేదు. ఊళ్ల విలీనం, డివిజన్ల విభజన తేలలేదన్నారు. గీతలు గీయాల్సింది ఎవరు? సర్కారు. గీతలు పూర్తికాలేదని ఎన్నిక ఆపింది ఎవరు? అదే సర్కారు!

ఈ పదేళ్లలో పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు శాసనసభకు ఓటేశారు, పార్లమెంటుకు ఓటేశారు. తమ వీధి కాలువ సంగతి చూసే మనిషిని మాత్రం ఎన్నుకోలేకపోయారు. కొళాయి రాకపోతే ఎవరిని నిలదీయాలి? అధికారి బదిలీ అయిపోతాడు. కార్పొరేటర్ అయితే మన వీధిలోనే తిరగాలి, మళ్లీ ఓటడగాలి. తేడా అదే.

చట్టం లేక జరిగిన తప్పు కాదిది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ పాలకమండలికి ఐదేళ్లే గడువన్నది. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలన్నది. డివిజన్ల పని మిగిలిందనే సాకుతో జాప్యం చేయరాదని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా ఎన్నికైన మండళ్లకే గ్రాంట్లివ్వాలని 14వ ఆర్థిక సంఘం చెప్పింది. అంటే ఓటూ పోయె, రావాల్సిన డబ్బుకూ గండి పడె.

2010 నుంచి 2021 దాకా కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ మూడూ గద్దెమీద కూర్చున్నాయి. ఏ జెండా చేతులూ శుభ్రంగా లేవు. 2020 మార్చిలో కరోనా పేరుతో ఎన్నికల సంఘం స్థానిక ఎన్నికలు వాయిదా వేస్తే, వద్దని సర్కారు సుప్రీంకోర్టుకు పోయింది. 2021 జనవరిలో సంఘం పంచాయతీ ఎన్నికలు పెడతానంటే, ఇప్పుడొద్దని మళ్లీ అదే కోర్టుకు పోయింది. ఓటు మనది, ముహూర్తం వాళ్లది!

జిల్లాల సంగతీ అంతే. 2022 జనవరిలో ముసాయిదా ఇచ్చి, అభ్యంతరాలకు నెల గడువిచ్చి, ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాలను, కడప నుంచి అన్నమయ్య జిల్లాను విడదీశారు. రాజంపేట జనం కేంద్రం తమకే కావాలని వీధుల్లోకి వచ్చారు. కేంద్రం రాయచోటికి పోయింది. కలెక్టర్లు ఇరవైఆరుగురయ్యారు, జిల్లా పరిషత్తులు మాత్రం పదమూడే మిగిలాయి. అధికారి దగ్గరయ్యాడు సరే, జనం ఎన్నుకున్న సభ ఎందుకు దగ్గర కాలేదు?

మేము చిన్న జిల్లాలకు అడ్డం కాదు. చిన్న రాష్ట్రం అడిగేవాళ్లం చిన్న జిల్లాను ఎట్లా కాదంటాం? జనాన్ని అడగకుండా గీసే గీతకే మేము అడ్డం.

ఒక నిజం ఒప్పుకుందాం. ఆ పదేళ్లలో మనమూ గట్టిగా అడగలేదు. రాష్ట్రం వస్తే అన్నీ వస్తాయనుకున్నాం. హైదరాబాదో, అమరావతో మన వార్డును అధికారి చేతిలో పెడితే తప్పయినప్పుడు, రేపు మన రాజధాని పెట్టినా తప్పే. 1937 శ్రీబాగ్ ఒడంబడికను అమలు చేయలేదని అడిగే మనం, రాజ్యాంగం రాసిచ్చిన ఓటును అడగకపోతే ఎట్లా?

2021 మార్చిలో ఏర్పడిన పాలకమండలికి ఐదేళ్ల లెక్క 2026 మార్చితో సరి. ఆ తేదీని ప్రతి విద్యార్థీ, ప్రతి ఉద్యోగీ గోడమీద రాసుకోవాలి. గడువులోగా ఎన్నిక జరగాలి. జరగకపోతే తర్వాత ప్రతి రోజునూ లెక్కపెట్టి కార్పొరేషన్ గుమ్మం ముందు అడగాలి. విలీనమైనా, విభజనైనా ముందు గ్రామసభలో, వార్డు సభలో పెట్టాలి. కొత్త జిల్లాకు కొత్త పరిషత్తు కావాలి.

వార్డు కోసం నిలబడ్డవాడే రాష్ట్రం కోసం నిలబడతాడు. పదండి, వీధి నుంచే మొదలుపెడదాం.

జై రాయలసీమ!