ఆధారముల తారతమ్యము



మన సాహిత్యచరిత్రమునుగూర్చి వ్రాయబూనిన యువకుడు నేడు గ్రంథాలయమునకేగినచో, శాసనసంపుటములును, శాసనశాఖవారి వార్షిక నివేదికలును, మాసపత్రికలును, కవిచరిత్రములును, పాఠ్యపుస్తకములును ఒక్క బల్లమీదనే యాతని యెదుటికి వచ్చును. అన్నియు నచ్చుపడినవే, కాని యన్నియు నొకేవిధమైన సాక్ష్యమును చెప్పునవి కావు. కన్నవాని మాట యేది, విన్నవాని మాట యేది, ఊహించినవాని మాట యేది యని వేరుపరచుకొనుటతోనే పరిశోధనము ప్రారంభమగునని నా దృఢవిశ్వాసము.

నందంపూడి శాసనమునే తీసికొందము. రాజరాజనరేంద్రుడు తన పాలనమున 32వ యేట, అనగా క్రీ. శ. 1053 ప్రాంతమున, రెండేరులనడిమి విషయములోని నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు దానమిచ్చిన తామ్రశాసనమిది. ఎపిగ్రాఫియా ఇండికా 4వ సంపుటమున బ్రకటితమైనది. ఆ నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్రభాషలయందు కవిగా ప్రసిద్ధుడని యందు గలదు. శాసనకావ్యకర్త నన్నియభట్టని కలదు. ఇంతవరకు రాగిరేకు చెప్పు మాట. ఈ నన్నియభట్టే మహాభారతము నాంధ్రీకరింప బూనిన నన్నయయని యది చెప్పదు. భారతావతారికలో నన్నయ తనకు దోడ్పడిన నారాయణభట్టును స్మరించుటయు, ఉభయత్ర రాజొక్కడే యగుటయు జూచి విద్వాంసులు చేసిన నిర్ణయమది. అది మిగుల బలిష్ఠమైన నిర్ణయము, నేనును దానినే విశ్వసించుచున్నాను. అయినను శాసనవాక్యము వేరు, నిర్ణయము వేరు. పాఠ్యపుస్తకమున జేరునప్పటికి ఈ భేదము మాసిపోయి, భారతకర్త రచించిన శాసనమని యొక్క వాక్యముతో సరిపోవును. ఆ వాక్యమును మాత్రమే చదివి, అధోజ్ఞాపికలో ఎపిగ్రాఫియా ఇండికాను బేర్కొనువాడు తానెన్నడును చూడని సాక్షిని సభకు దెచ్చుచున్నాడు. ఈ యలవాటు ప్రబలుచుండుట నాకు మిక్కిలి ఖేదము గలిగించుచున్నది.

వార్షిక నివేదికలలో నుండునది సాధారణముగా శాసనపాఠము కాదు, సంగ్రహము. ఏ యూర ఏ గుడిలో శాసనమున్నదో తెలిసికొనుటకది చాలును; అందలి భాషనుగూర్చి వాదించుటకు జాలదు. మాసపత్రికల విషయమున పేరునుబట్టి తీర్పు చెప్పరాదు. 1924లో వెలువడ నారంభించిన భారతిలో కథయు, పద్యమును, శాసనపరిశోధనమును ప్రక్కప్రక్కనే యుండెడివి. రచయిత మూలపాఠము నిచ్చి తన పఠనమునకు హేతువులు చూపెనా లేదా యని యొక్కొక్క వ్యాసమును విడిగా జూడవలసినదే.

ఒకే గ్రంథము ప్రశ్ననుబట్టి స్థానము మార్చుకొనుటయు గలదు. మెకంజీ సేకరింపించిన కైఫీయతులను గ్రామవృత్తాంతములలో పదునొకండవ శతాబ్దపు రాజునుగూర్చి యున్నది దాదాపు ఎనిమిదివందల యేండ్ల తరువాతి మాట. కాని ఆ గ్రామస్థులు తమ గుడినిగూర్చి, తమ చెరువునుగూర్చి పందొమ్మిదవ శతాబ్దారంభమున నేమి చెప్పుకొనుచుండిరో తెలుపుటకు అదియే మూలము. వీరేశలింగము పంతులుగారి ఆంధ్రకవుల చరిత్రము తిక్కన కాలమునకు అనంతరసాక్ష్యము. పంతులుగారి తరమువారు ప్రాచీనకవుల నెట్లు పరామర్శించిరను ప్రశ్నకు ప్రత్యక్షసాక్ష్యము. ఆయన దానిని సవరించి, పెంచి మరల బ్రకటించిరి గనుక, ఏ కూర్పునుండి గ్రహించితిమో చెప్పనిచో, ఆయన తరువాత విడిచిపెట్టిన యభిప్రాయమును సైతము ఆయనకే యంటగట్టినవారమగుదుము.