సూదిమొన కందినంత



స్లైడును సూక్ష్మదర్శిని క్రింద నుంచుటకు ముందు రోగి చెంతకు స్వయముగా వెళ్లి, గడ్డను వ్రేళ్లతో తడిమి, అది కదలునో లేదో, ఎన్నాళ్లనుండి పెరుగుచున్నదో విచారించి వచ్చుట మా గురువర్యుల నిత్యవ్రతము; వారి పేర నేర్పడిన యీ యుపన్యాసమున, ఆ వ్రతమునకు మూలమైన చరిత్రను విన్నవింపదలచితిని.

1930లో న్యూయార్కు మెమోరియల్ ఆసుపత్రియందు హేస్ మార్టిన్ అను శస్త్రవైద్యుడును, ఎడ్వర్డ్ ఎల్లిస్ అను ప్రయోగశాలా సహాయకుడును, కత్తితో కోయకయే 18వ నంబరు సూదితో గడ్డలోని కణములను పీల్చి పరీక్షించు విధానమును ప్రకటించిరి. అచటనే రోగనిదానశాస్త్రజ్ఞుడైన ఫ్రెడ్ స్టూవర్ట్, చికిత్సకుని బుద్ధియు స్లైడు చదువువాని బుద్ధియు కలిసినంత మేరకే యీ పరీక్ష నమ్మదగినదని 1933లో తేల్చిచెప్పెను. అమెరికాలో చాలకాలము అనాదరమున బడియున్న యీ విద్యను చేరదీసినది స్వీడన్ దేశము. స్టాక్‌హోములోని రేడియమ్‌హెమ్మెటులో సిక్స్టెన్ ఫ్రాన్‌జెన్, జోసెఫ్ జాయిచెక్ మున్నగువారు 22వ నంబరు సూదిని చేపట్టిరి. నంబరు పెరిగినకొలది సూది సన్నగిల్లును. సన్నగిల్లినకొలది రోగికి బాధ తగ్గును. పిమ్మట లుండ్ నగరమున మోన్స్ ఓకర్మన్ మృదుకణజాలపు కంతులకు దీనిని అన్వయించి, ఎముకల శస్త్రవైద్యులతో కూడి, 1980లో తన యనుభవమును ప్రకటించెను.

సూదిమొన మోపినంత నేలయు నీయనన్న రారాజు మాట మన మెరుగనిది కాదు. ఈ విద్యలో సూది మనకు తెచ్చునదియు నంతియే. ఒక విచిత్రము వినుడు. 1952లో క్రిస్టఫర్‌సన్, ఫుట్ అనువారితో కలిసి, ఆల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమా యను మిక్కిలి యరుదైన కంతిని వర్ణించినవాడు ఆ స్టూవర్టే. తరచుగా యువజనుల తొడలోతులలో పుట్టు నా కంతికి, కణములు గూళ్లు గూళ్లుగా నమరియుండుటవలన ఆ పేరు వచ్చెను. ఆ గూళ్ల యమరికయే సూది తేలేనిది! పీల్చినంతనే నెత్తురు విరివిగా వచ్చును, గూళ్లు చెదరును, కణములు పగిలి వట్టి కేంద్రకములు స్లైడుపై మిగులును. పి.ఎ.ఎస్. రంగు పట్టిన కడ్డీలవంటి స్ఫటికములు కన్పట్టినచో అనుమానము బలపడును. కన్పట్టకున్నంతమాత్రమున వ్యాధి లేదనరాదు. ఎక్స్, 17వ క్రోమోజోముల నడుమ ఖండములు తారుమారై రెండు జన్యువులు అతుకుకొనుట 2001లో బయల్పడినది మొదలు, ఆ మార్పునే వెదకి రూఢిచేసికొనుచున్నారు.

నాడ్యులర్ ఫాసియైటిస్ నేర్పు పాఠము వేరు. కొలది వారములలో పెరిగి, విభజనమొందు కణములతో సార్కోమావలె భయపెట్టు నా గడ్డ నిరపాయకరము. తనంత తానే యణగుటయు కలదు. స్లైడు మాత్రమే చూచినవాడు అక్కరలేని పెనుశస్త్రచికిత్సకు దారితీయగలడు. ఎన్ని వారములైనదని యడిగినవాడు ఆగగలడు.

అందువలననే కాబోలు, మా గురువర్యుల నివేదికలలో కడపటి పంక్తి యెల్లప్పుడును సూదికి అందనిదానిని గూర్చియే యుండెడిది: కణముల యమరిక తెలియరాలేదు, గడ్డ లోతు మీకే తెలియును, ఒకమారు వచ్చి మాటలాడవలయును అని. శస్త్రవైద్యులు వచ్చెడివారు.