తేటనీటిలో దాగినది

కలకనీటి బిందెలో పటికముక్కను నాలుగుమారులు త్రిప్పి కదపక యుంచినచో, అడుగున మడ్డి చేరి పైనీరు తేటపడుట యెల్లరు నెఱిగినదే. చిల్లగింజ నరగదీసి కలుపుటయు నిట్టిదే. అయితే తేటపడిన నీరంతయు శుద్ధమైనదని తలంపరాదు.

చెరువులలోను వాగులలోను ఆకులలములు కుళ్లి, వాని సారము నీట కరగును. నీటికి పలుచని తేనీటి వన్నె వచ్చును. ఈ సేంద్రియ పదార్థము ఒండ్రువలె తనంత దిగదు. గుడ్డతో వడగట్టినను పోదు. త్రాగినంత మాత్రమున దీనివలన పెద్ద హాని లేదు. చిక్కు క్లోరిన్ కలిపినప్పుడు వచ్చును. ఈ రెండును కూడి క్లోరోఫారము మొదలగు వానిని పుట్టించుచున్నవని రాటర్‌డామ్ నగర నీటి సరఫరా శాఖలోని రసాయనజ్ఞుడు రూక్ 1974లో ప్రకటించెను. మిక్కుటముగా పెట్టినచో క్లోరోఫారము జంతువులకు రాచపుండు కలిగించునని 1976లో అమెరికాలో తేలెను. లీటరు నీటిలో ఇట్టివన్నియు కలిసి 100 మైక్రోగ్రాములు మించరాదని 1979లో అచ్చటి ప్రభుత్వము విధించి, 1998లో దానిని 80కి తగ్గించెను.

అట్లని క్లోరిన్‌ను మానుదమా? అది ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుటయే. కలరాను, టైఫాయిడును అడ్డుచున్నది క్లోరినే. చేయవలసినది, క్లోరిన్ కలుపుటకు ముందే ఆ సారమును తీసివేయుట.

ఆ కణములు ఋణవిద్యుత్తు గలవి. ఒకదాని నొకటి త్రోసికొనుచు నీటిలోనే నిలిచియుండును. పటికలోని అల్యూమినియము ధనవిద్యుత్తు గలదగుటచే ఆ త్రోపుడు నశించును. పిదప దూదిపింజల వంటి తెట్టెలు కట్టి, కణములను అంటించుకొని అడుగునకు దిగును. పటిక వేయగనే నీటిని వడిగా కలియబెట్టి, తరువాత మెల్లగా త్రిప్పవలెను. వడి తగ్గనిచో కట్టిన పింజలు చెదరిపోవును.

బురదను తేర్చుటకు చాలిన పటిక దీనికి తరచు చాలదు. నీటికి కొంచెము ఆమ్లగుణమును ఉండవలెను, పి.హెచ్. 5.5కును 6.5కును నడుమ నున్న మేలు. పటికయే నీటిని కొంత ఆమ్లముగా మార్చును గాని, క్షారము హెచ్చుగానున్న నీరు త్వరగా లొంగదు. కావున మోతాదు పుస్తకము చూచి చెప్పునది కాదు. ఆరు గాజుపాత్రలలో అదే నీరు పోసి, వేర్వేరు పాళ్లలో పటిక వేసి చూడవలసినదే. గట్టి వాన కురిసిన మరునాడు మరల చూడవలెను. నిన్నటి మోతాదునే నేడును వేయుట పొదుపుగా తోచును; నా దృష్టిలో అది అశ్రద్ధయే.

ఇక ఇంటి బిందె మాట. పటిక క్రిముల నన్నిటిని తీయజాలదు. తేరిన నీటిని మడ్డి కదలకుండ మెల్లగా వంచుకొని, కాచి త్రాగవలెను.