థెరపిస్ట్ దగ్గర్లో ఉండాలి, కానీ ఎంత దగ్గర్లో?

ఈ రోజు ఎపిసోడ్‌లో గ్రాఫిక్స్ ఏమీ లేవు. నేను కూర్చుని మాట్లాడతా. పడుకునే ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేయొచ్చు.

రాత్రి ఒంటిగంటన్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. మీరు దుప్పట్లో ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించుకుని టైప్ చేశారు: ‘సైకాలజిస్ట్ నియర్ మీ’. మ్యాప్ మీద ఎర్ర గుర్తులు వచ్చాయి. ఒకటి రెండు కిలోమీటర్లు, ఇంకోటి ఐదు. స్టార్లు చూశారు, ఫొటోలు చూశారు. ఒకాయన బోర్డు మీద మ్యారేజ్ కౌన్సెలింగ్, మెమరీ పవర్, హిప్నాటిజం, తాగుడు మాన్పించడం, అన్నీ రాసున్నాయి. ఎవరికి ఫోన్ చేయాలో అర్థం కాలేదు. ట్యాబ్ క్లోజ్ చేసి, హిస్టరీ కూడా డిలీట్ చేసేసి పడుకున్నారు. నిద్ర మాత్రం రాలేదు.

మీలో చాలామంది ఇలా చేసుంటారు. నేనూ చేశా. ఆ తర్వాత చేసిన పొరపాటే ఈ రోజు మీకు చెప్తా.

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని మా ఊళ్ళోనే ఉన్నా. నాలుగేళ్ళ రిలేషన్‌షిప్ అప్పుడే అయిపోయింది. పొద్దున స్టాండప్ కాల్‌లో కెమెరా ఆఫ్ చేసి, ‘ఎవ్రీథింగ్ ఈజ్ ఆన్ ట్రాక్’ అని చెప్పేవాణ్ణి. నిజానికి తెల్లవారుజాము నాలుగింటిదాకా నిద్ర ఉండేది కాదు. అన్నం సహించేది కాదు. నాన్న గమనించారు. ‘మనకి తెలిసినాయన ఒకాయన కౌన్సెలింగ్ చేస్తాడు రా, ఒకసారి వెళ్ళిరా’ అన్నారు. నాన్న ఆ మాట అనడమే నాకు పెద్ద ఆశ్చర్యం. వెళ్ళా.

ఆయన బాగా మాట్లాడాడు. ‘ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది బాబూ’ అన్నాడు. గంటన్నర కూర్చుని అంతా చెప్పేశా. అంత తేలిగ్గా అనిపించి చాలా రోజులైంది. ఆ రాత్రి ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాం. నాన్న కంచంలోంచి తల ఎత్తకుండా అడిగారు: ‘ఆ అమ్మాయి వాళ్ళు మనోళ్ళేనా?’

ఆ అమ్మాయి గురించి నేను ఇంట్లో ఒక్కసారి కూడా చెప్పలేదు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు నేను ఎవరితోనూ ఈ విషయం మాట్లాడలేదు. థెరపీ అన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. ఆ పద్నాలుగు నెలలు ఊరికే పోయాయి. అందుకే ఈ ఎపిసోడ్.

ఆయన చెడ్డవాడు అని నేను అనను. నాన్నకి సాయం చేస్తున్నా అనుకుని ఉంటాడు. కానీ తర్వాత ఆరా తీస్తే తెలిసింది, ఆయన చెప్పేది పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు. సైకాలజీ చదివింది లేదు. నేను కూడా అడగలేదు. పదివేల ఫోన్ కొనేముందు పది రివ్యూలు చూస్తాం. మన మనసు ఎవరి చేతిలో పెడుతున్నామో, ఆయన ఏం చదివాడని మాత్రం అడగం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటం.

అప్పుడు నాకు అర్థమైంది ఇది. థెరపిస్ట్ మనకి దగ్గర్లో ఉండాలి. కానీ మనవాళ్ళకి దగ్గరి మనిషి కాకూడదు. బాబాయ్ ఫ్రెండ్, అమ్మ వాళ్ళ కొలీగ్, వీళ్ళు ఎంత క్వాలిఫైడ్ అయినా మీకు వద్దు. మంచి థెరపిస్ట్ అయితే వాళ్ళే ‘నేను మీ ఫ్యామిలీకి తెలుసు కాబట్టి వేరే వాళ్ళని చెప్తా’ అంటారు.

సరే, మరి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ముందు ఎవరేంటో క్లియర్ చేసుకుందాం.

సైకియాట్రిస్ట్ అంటే డాక్టర్. ఎంబీబీఎస్ చేసి, దాని మీద సైకియాట్రీలో ఎండీ గానీ, డీఎన్‌బీ, డీపీఎం గానీ చేసినవాళ్ళు. మందులు రాయగలరు. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, పానిక్ వచ్చి ఊపిరాడనట్టు అవ్వడం, ఇలాంటివి ఉంటే ముందు వీళ్ళ దగ్గరికే. అవసరమైతే థైరాయిడ్ లాంటి టెస్టులు కూడా రాస్తారు. ఎందుకంటే థైరాయిడ్ తేడా ఉన్నా మనిషి నీరసంగా, దిగులుగా అయిపోవచ్చు.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. మాటలతో, ఒక పద్ధతి ప్రకారం చికిత్స చేస్తారు. వీళ్ళలో చాలామంది సైకాలజీలో పీజీ తర్వాత రెండేళ్ళ ఎం.ఫిల్ ట్రైనింగ్ చేసినవాళ్ళే. వీళ్ళు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్‌కి ఒక నంబర్ ఉంటుంది, సీఆర్‌ఆర్ నంబర్ అంటారు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అలాగే సైకియాట్రిస్ట్ అయితే స్టేట్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది.

మూడోది కౌన్సెలర్. ఇక్కడే జాగ్రత్త. ఎం.ఏ గానీ ఎం.ఎస్సీ గానీ సైకాలజీ చేసి, సీనియర్ల దగ్గర ట్రైనింగ్ తీసుకుని చాలా బాగా పనిచేసే కౌన్సెలర్లు ఉన్నారు. బ్రేకప్, పెళ్ళి గొడవలు, ఆఫీస్ స్ట్రెస్, ఇలాంటి వాటికి వాళ్ళు సరిపోతారు కూడా. కానీ వీకెండ్ కోర్సు ఒకటి చేసి అదే బోర్డు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. బోర్డు చూస్తే తేడా తెలీదు. అడిగితేనే తెలుస్తుంది.

అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్‌లో ఇవి అడగండి. నోట్స్ యాప్‌లో రాసి పెట్టుకోండి.

ఒకటి, ‘మీరు ఏం చదివారు, ఎక్కడ ట్రైనింగ్ తీసుకున్నారు? రిజిస్ట్రేషన్ ఉందా?’ రెండు, ‘నాలాంటి ప్రాబ్లమ్‌తో వచ్చినవాళ్ళని ఇంతకుముందు చూశారా?’ మూడు, ‘సెషన్ ఎంతసేపు, ఫీజు ఎంత, క్యాన్సిల్ చేస్తే ఏంటి?’ నాలుగు, ‘సెషన్ తెలుగులో జరుగుతుందా?’ ఐదు, ‘నేను చెప్పింది ఎవరికైనా చెప్తారా? ఏ సందర్భంలో చెప్తారు?’

ఐదో ప్రశ్నకి ‘ఎప్పుడూ ఎవరికీ చెప్పం’ అని చటుక్కున అనేస్తే అది పూర్తి జవాబు కాదు. సరిగ్గా తెలిసినవాళ్ళు ఇలా చెప్తారు: మీ ప్రాణానికో, వేరేవాళ్ళ ప్రాణానికో ప్రమాదం అనిపిస్తే, కోర్టు అడిగితే, చిన్నపిల్లల మీద లైంగిక వేధింపు సంగతి బయటపడితే చెప్పాల్సి వస్తుంది, మిగతాది మీకూ మాకూ మధ్యే. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ అని 2017లో చట్టం వచ్చింది. చికిత్స తీసుకునే మనిషికి గోప్యత హక్కు అని అందులోనే రాసుంది. నాకు ఆ రోజు ఈ సంగతి తెలీదు.

నాలుగో ప్రశ్న, తెలుగు గురించి. ఇది చిన్న విషయం అనుకోకండి. పద్నాలుగు నెలల తర్వాత హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళా. మొదటి సెషన్‌లో మొత్తం ఇంగ్లీష్‌లో దంచేశా. యాంగ్జైటీ, ట్రిగ్గర్, క్లోజర్, రీల్స్‌లో నేర్చుకున్న మాటలన్నీ వాడా. ఏదో ప్రాజెక్ట్ స్టేటస్ చెప్తున్నట్టే ఉంది నాకు. ఆవిడ పావుగంట విని, ‘ఇదంతా తెలుగులో చెప్తారా? ఇంట్లో మాట్లాడినట్టే’ అన్నారు. నోరు తెరిస్తే వచ్చిన మొదటి మాట, ‘గాబరాగా ఉందండీ’. ఆ తర్వాత మాట రాలేదు. ఏడుపొచ్చింది. నా బాధ నాకు ఇంగ్లీష్‌లో రాలేదు కదా, ఇంగ్లీష్‌లో ఎలా బయటికొస్తుంది?

కాబట్టి ‘నియర్ మీ’ అంటే కిలోమీటర్లు ఒక్కటే చూడొద్దు. మీ భాష, మీ ఇంటి పద్ధతులు అర్థమయ్యేవాళ్ళు నాలుగొందల కిలోమీటర్ల అవతల వీడియో కాల్‌లో ఉన్నా దగ్గరే. చిన్న టౌన్‌లో ఉండి, క్లినిక్ మెట్లెక్కితే ఎవరైనా చూస్తారేమో అని భయపడేవాళ్ళకి ఆన్‌లైన్ సెషన్ మంచి దారి. ఇంట్లో మాట్లాడే వీలు లేకపోతే బండి తీసుకుని కాస్త దూరం వెళ్ళి ఆపుకుని, లేదా డాబా మీద మాట్లాడేవాళ్ళు ఉన్నారు.

డబ్బుల సంగతి. నేను ఫోన్ చేసిన చోట్ల ఒక్కో సెషన్‌కి ఎనిమిది వందల నుంచి రెండున్నర వేల దాకా చెప్పారు. ప్రతివారం అంటే జేబుకి భారమే. అంత పెట్టలేని వాళ్ళు గవర్నమెంట్ హాస్పిటల్‌ని తీసిపారేయకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మెడికల్ కాలేజీ హాస్పిటల్స్‌లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ‘ఎర్రగడ్డ’ అని మనం ఒకర్నొకరు వెక్కిరించుకుంటాం చూడండి, ఆ జోక్ వల్లే అవసరమైనవాళ్ళు ఆ గేటు దాకా వెళ్ళలేకపోతున్నారు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారేమో, ఆఫీసులో ఉద్యోగులకి ఫ్రీ సెషన్స్ ఉన్నాయేమో కూడా కనుక్కోండి. నా పాత ఆఫీసులో ఉన్నాయట. రిజైన్ చేసేరోజు తెలిసింది నాకు.

ఇంకోటి, టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. నంబర్ 14416. ఫ్రీ, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే సేవ్ చేసుకోండి. చనిపోవాలనిపిస్తోంది అంటే ఈ వీడియో ఇక్కడే ఆపి ఫోన్ చేయండి. పక్క గదిలో ఎవరుంటే వాళ్ళని లేపండి. ఇప్పటికిప్పుడు ప్రమాదం అనిపిస్తే 112. మిగతా ఎపిసోడ్ రేపు చూడొచ్చు.

ఇక ఇద్దరికి సంబంధించిన గొడవలు. పెళ్ళైనవాళ్ళు, ఎంగేజ్‌మెంట్ అయినవాళ్ళు. ఇద్దరూ కలిసి వెళ్ళేదాన్ని కపుల్ థెరపీ అంటారు. అక్కడ థెరపిస్ట్ పెద్దమనిషి కాదు, తీర్పు చెప్పడు. ‘నువ్వే సర్దుకోవాలమ్మా’ అని ఒకరికే చెప్తున్నారంటే అది పంచాయితీ, థెరపీ కాదు. మీ వారో, మీ ఆవిడో ‘నాకేం పిచ్చా?’ అని రానంటే, మీరొక్కరే వెళ్ళండి. ఒక్కరు మాట్లాడే తీరు మారినా ఇంట్లో గొడవ తీరు మారే అవకాశం ఉంది.

కానీ ఒకటి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే కపుల్ థెరపీతో మొదలుపెట్టొద్దు. పక్కన కూర్చున్న మనిషికి భయపడుతూ నిజం చెప్పలేం. చెప్తే ఇంటికెళ్ళాక ఏమవుతుందో తెలీదు. అప్పుడు ముందు చూడాల్సింది సేఫ్టీ. ఆడవాళ్ళకి 181 హెల్ప్‌లైన్ ఉంది, సఖి కేంద్రాలు ఉన్నాయి.

మొదటి సెషన్‌లో ఏమవుతుంది? నలభై ఐదు నిమిషాల నుంచి గంట. ఎక్కువ ప్రశ్నలే ఉంటాయి. నిద్ర, తిండి, ఇల్లు, ఉద్యోగం, ఎప్పట్నించి ఇలా ఉంది. అన్నీ మొదటిరోజే చెప్పక్కర్లేదు. ‘ఇది ఇప్పుడు చెప్పలేను’ అంటే చాలు. బయటికొచ్చాక అద్భుతం ఏమీ జరగదు, ఒక్కోసారి ఇంకా అలసటగా ఉంటుంది. మూడు నాలుగు సెషన్లు చూడండి. ‘ఈ మనిషి నన్ను వింటున్నారా, నేను దాచకుండా చెప్పగలుగుతున్నానా?’ రెండిటికీ లేదు అనిపిస్తే మార్చేయండి. టైలర్ కుట్టింది సరిపోకపోతే టైలర్ని మారుస్తాం, బట్టలేసుకోవడం మానెయ్యం కదా.

కొన్ని చోట్ల మాత్రం నాలుగు సెషన్లు ఆగొద్దు. మొదటిరోజే గ్యారంటీ ఇచ్చి ప్యాకేజీ డబ్బులన్నీ ముందే కట్టమంటే. మీ కులం, మీ బట్టలు, మీ ఇష్టాల మీద తీర్పులు చెప్తే. ‘పెళ్ళి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి’ అంటే. డాక్టర్ రాసిన మందులు డాక్టర్‌ని అడక్కుండా ఆపెయ్యమంటే. సెషన్ బయట పర్సనల్‌గా మెసేజ్‌లు పెడుతుంటే, ముట్టుకుంటే. లేచి వచ్చేయండి. ఫీజు పోతే పోయింది.

నా సంగతి చెప్పి ముగిస్తా. నేను పదకొండు సెషన్లకి వెళ్ళా. ఆ అమ్మాయి తిరిగి రాలేదు, ఆవిడ రప్పించలేదు కూడా. నిద్ర వచ్చింది. నాన్నతో మళ్ళీ మాట్లాడగలిగా. ఆ రాత్రి భోజనం దగ్గర ఎంత నొప్పి కలిగిందో ఆయనకి చెప్పగలిగా. ఆయన సారీ చెప్పలేదు. మా నాన్నలు చెప్పరు. పెరుగు గిన్నె నా వైపు జరిపారు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే, నాన్న బయట అరుగు మీద నెమ్మదిగా అన్నారు: ‘మీ అమ్మకి ఈ మధ్య సరిగ్గా నిద్ర పట్టట్లేదు రా. నువ్వు వెళ్ళేవే ఒకావిడ దగ్గరికి, నంబర్ ఉందా? లేకపోతే మన ఊళ్ళోనే తెలిసినాయన...’

‘తెలిసినాయన వద్దు నాన్నా’ అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం. మా సైకాలజిస్ట్‌ని అడిగితే, ఒకే ఇంట్లో ఇద్దర్ని తను చూడటం మంచిది కాదని చెప్పి, అమ్మకి వేరే ఆవిడ పేరు ఇచ్చారు. ఫోన్ చేసి ఆ ఐదు ప్రశ్నలూ నాన్నే అడిగారు. ఐదోది మాత్రం కొంచెం గట్టిగా అడిగారు.

ఈ రాత్రి మళ్ళీ ఆ సెర్చ్ చేస్తే హిస్టరీ డిలీట్ చేయకండి. ఒక్క నంబర్ రాసి పెట్టుకుని, పొద్దున్నే ఫోన్ చేయండి. ఉంటా మరి. జాగ్రత్త.