మెరిసిన కమాను విరిగింది

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత బండ్ల కమాన్లకు తుప్పు పట్టకుండా ఏం పూయాలో చెప్పమన్నారు. ఇ.ఎం.ఇ.లో ఇరవై ఎనిమిదేళ్లు స్పానర్ పట్టినవాణ్ని, వీడికి అన్నీ తెలుసులే అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. దానివల్ల ఏం జరిగిందో చెప్పడానికే లేచాను.

రిటైరయ్యాక జగదల్‌పూర్‌లో స్థిరపడి, వేలంలో ఒక పాత జోంగా కొన్నాను. జోంగా సంగతి మీకు చెప్పక్కర్లేదు. నిస్సాన్ పెట్రోల్ నమూనా మీద జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారై, 1999లో ఆగిపోయిన బండి. ముందూ వెనకా కమాను పట్టీలే.

బస్తర్ చూడనివారికి ఒక మాట. బైలాడిలా కొండల ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచి కె.కె. లైను మీదుగా మన విశాఖకు దిగుతోంది. ఇక్కడి మట్టి ఎర్రగా ఉండేది కూడా ఇనుము వల్లే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ఆ ఎర్రబురద పట్టీల సందుల్లో దూరితే రోజుల తరబడి ఆరదు. విశాఖలోలాగా ఉప్పుగాలి లేకపోయినా, ఆ తడి ఒక్కటి చాలు ఇనుమును తినెయ్యడానికి.

2011లో పంద్రాగస్టుకు బండి తళతళలాడాలని నాకు సరదా పుట్టింది. పట్టీలన్నీ విప్పి, యాసిడ్‌లో కడిగించి, జింకు ప్లేటింగు చేయించాను. వెండి కమాన్లలా వచ్చాయి. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

బిగించిన పదకొండో రోజున మా ఆవిడను, మనవణ్ని ఎక్కించుకుని రాయపూర్ బయలుదేరాను. కేశకాల్ ఘాట్ దిగుతుంటే తుపాకీ పేలినట్టు చప్పుడైంది. బండి ఎడమవైపు లాగేసింది. స్టీరింగు గట్టిగా పట్టుకుని, మెల్లగా బ్రేకు తొక్కుతూ కొండవైపు రాళ్లకు ఆనించి ఆపాను. కుడివైపు లోయ. మా ఆవిడ "ఏవండీ" అని మాత్రం అంది, ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ముందు పట్టీ కంటి దగ్గర విరిగింది. విరుపు చూస్తే తెల్లగా, గింజ గింజగా ఉంది. పాత పగులైతే లోపల తుప్పు మరక ఉండాలి. ఇది కొత్త విరుపు. సికింద్రాబాద్‌లో నాతోపాటు ట్రైనింగయిన మిత్రుడికి ఫోన్ చేశాను. అతను అడిగింది ఒకటే ప్రశ్న: "ఏమోయ్, ప్లేటింగయ్యాక బేక్ చేయించావా?"

సంగతేమిటంటే, యాసిడ్‌లో ముంచినప్పుడూ కరెంటుతో ప్లేటింగు చేసినప్పుడూ హైడ్రోజన్ పుడుతుంది. అది ఉక్కులోకి దూరుతుంది. మెత్తని ఇనుముకు పెద్దగా ఫరవాలేదు. గట్టిపరిచిన స్ప్రింగు ఉక్కు మాత్రం పెళుసెక్కుతుంది. బరువు మోస్తూ మోస్తూ, గంటలకో రోజులకో, హెచ్చరిక లేకుండా పటుక్కుమంటుంది. ప్లేటింగయిన కొద్ది గంటల్లోనే 200 డిగ్రీల ప్రాంతంలో గంటల తరబడి కాల్చితే చాలావరకు హైడ్రోజన్ బయటికి పోతుంది. నేను కాల్చమని అడగలేదు, వాళ్లు చెప్పలేదు. తప్పు నాదే. దుకాణంవాడికి అది మెరిసే ఇనప ముక్క. మా ఇంటిల్లిపాది దానిమీదే కూర్చుంటామని తెలిసినవాణ్ని నేను.

అప్పటినుంచి నాది ఒకటే సూత్రం. ఏం పూయాలని అడిగే ముందు, ఈ ముక్క ఏం పని చేస్తుందని అడగాలి.

కమాను పట్టీ వంగుతుంది. దానికి యాసిడ్ వద్దు, ప్లేటింగు వద్దు, వెల్డింగు అసలే వద్దు. కరిగిన జింకులో ముంచడమూ వద్దు. ఆ తొట్టి 450 డిగ్రీలు ఉంటుంది, పట్టీ పదును చెడవచ్చు. వైరు బ్రష్షుతో గానీ సన్నని గ్రిట్‌తో గానీ తుప్పు తీసి, జింకు ఫాస్ఫేటు ఉన్న ఎపాక్సీ ప్రైమరు పలచగా, పైన నలుపు. పట్టీల మధ్య రంగు దట్టంగా వేస్తే రాపిడికి ఊడిపోతుంది, అక్కడ గ్రాఫైటు గ్రీజు చాలు. పాత అంబాసిడర్ల ముందు టార్షన్ బార్లకూ ఇదే మాట, గ్రీజు ఒక్కటి తప్ప.

బ్రాకెట్లు, షాకిల్ ప్లేట్లు మెత్తని ఇనుము. వీటికి పౌడర్ కోటింగు చేయించవచ్చు, కాకపోతే 180, 200 డిగ్రీల్లో కాలుస్తారు కనుక ముందే రబ్బరు బుష్షులు తీసెయ్యాలి. మా కంకర రోడ్ల మీద రాయి తగిలి పొర లేచిందంటే, దాని కింద నీళ్లు పాకుతాయి. పైకి నున్నగా, లోపల తుప్పు. అందుకని నేను ఎపాక్సీ మీద పాలీయురథేనే వేస్తాను. గీత పడితే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. దాని పొగ ఊపిరితిత్తులకు చెడ్డది, సరైన మాస్కు లేకుండా స్ప్రే చేయకండి.

యు-బోల్టులు కొత్తవే వేయాలి. బిగింపు కింద దళసరి రంగు ఉంటే అది నలిగి బోల్టు వదులవుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్కు చూడాలి. బుష్షులకు వాడేసిన ఇంజనాయిలు పూసే అలవాటు మనవాళ్లలో ఉంది. రబ్బరు ఉబ్బిపోతుంది, మానండి.

గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు ముట్టవద్దు. శుభ్రం చేసిన రోజే ప్రైమరు పడాలి. బస్తర్ వానల్లో తెల్లారేసరికి ఉత్త ఇనుము ఎర్రబడుతుంది.

చివరి మాట. బండి కింద తారు దట్టంగా పూయకండి. పలచని రంగు మీద పగులు కనబడుతుంది, తారు కింద దాక్కుంటుంది. పరేడ్‌కు బూటు మెరిస్తే చాలు, కమాను మెరవక్కర్లేదు. అది మోయాలి.

ఆ విరిగిన పట్టీని కొండగావ్‌లో ఇనుముతో బొమ్మలు చేసే ఒక కమ్మరి అడిగాడు. ఇవ్వలేదు. మా గరాజు గోడకు వేలాడుతోంది. ఇప్పుడు మా మనవడు కారు నడుపుతున్నాడు. బండి తీసే ముందు ఒకసారి దానివైపు చూస్తాడు.

జై హింద్.